దారిలో గీసిన గీతలు: చిత్రకారుడు థామస్ డేనియల్ జీవితయాత్ర

ప్రయాణంలో గీసే బొమ్మకు ఒక ప్రత్యేకమైన ఆకర్షణ ఉన్నది. చిత్రకారుడు తన ఇంటి గదిలో కూర్చొని వేసే బొమ్మకు వ్యవధి ఉంటుంది. మార్పులకూ చేర్పులకూ అవకాశం ఉంటుంది. దారిలో గీసే బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. పల్లకి దించిన బోయీలు చెట్టు నీడన అలసట తీర్చుకొనే లోపల, పడవ మలుపు తిరిగే లోపల, కొండ మీది ఎండ పక్కకు జరిగే లోపల ఆ పని ముగియాలి. అందుకే అటువంటి గీతల్లో తొందర కనిపిస్తుంది. తొందరతో పాటు నిజమూ కనిపిస్తుంది. అయితే ఆ గీతలు సంచిలోనే ఉండిపోతే అవి ఒక వ్యక్తి జ్ఞాపకాలుగానే మిగిలిపోతాయి. వాటిని పదిమంది చూడదగిన కళగా మార్చడం మరొక తపస్సు. ఈ రెండు పనులనూ ఒక జీవితకాలంలో సాధించిన వారిలో ఆంగ్ల చిత్రకారుడు థామస్ డేనియల్ అగ్రగణ్యుడు. ఆయన వెంట నడిచిన సోదరుని కుమారుడు విలియం డేనియల్ ఆ సాధనలో సగపాలు పంచుకొన్నాడు.

మన సరిహద్దు ప్రాంతపు పాఠకులకు ఈ కథలో ఒక దగ్గరి సంబంధం కూడా ఉన్నది. కృష్ణగిరి, రాయకోట పరిసరాలలోని కొండ దుర్గాలను రెండు శతాబ్దాలకు పూర్వం కాగితం మీదికి ఎక్కించి, దేశదేశాల వారికి చూపించిన వారిలో ఈ ఇద్దరూ ముఖ్యులు.

బండ్ల మీది బొమ్మలతో తొలి పాఠాలు

థామస్ డేనియల్ 1749లో, థేమ్స్ నది ఒడ్డునున్న కింగ్‌స్టన్ పట్టణంలో జన్మించాడు. ఆయనది కలిగిన కుటుంబం కాదు. ఛెర్ట్సీ అనే ఊరిలో బాటసారులకు బసా భోజనమూ సమకూర్చే పూటకూళ్ల ఇల్లు వారికి జీవనాధారం. బాల్యంలోనే ఆయనను గుర్రపు బండ్లకు రంగులు వేసే పనివాని వద్ద శిష్యునిగా చేర్చారు. ఆనాటి ఇంగ్లండులో ధనికుల బండ్ల తలుపుల మీద వంశచిహ్నాలు, పూలగుత్తులు, చిన్నచిన్న ప్రకృతి దృశ్యాలు చిత్రించడం గౌరవప్రదమైన వృత్తి. తరువాత రాజుగారి బండ్లకు చిత్రకారుడైన చార్లెస్ కాటన్ వద్ద ఆయన పనిచేశాడు. గీత తిన్నగా రావడం, పని గడువులోగా పూర్తికావడం, వచ్చిన గిరాకీని నిలుపుకోవడం అనే మూడు పాఠాలు ఆయనకు అక్కడే అబ్బాయని చెప్పవచ్చు.

1773లో లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలో ఆయనకు ప్రవేశం లభించింది. దాదాపు పన్నెండేళ్ల కాలంలో ఆయన చిత్రాలు అకాడమీ ప్రదర్శనలలో పలుమార్లు చోటుచేసుకొన్నాయి. అయినా పేరు రాలేదు, డబ్బు నిలవలేదు. లండనులో ప్రకృతి దృశ్య చిత్రకారులకు కొదవ లేదు, కొనేవారికే కొదవ. అదే సమయంలో విలియం హాడ్జెస్ అనే చిత్రకారుడు 1780 నుంచి 1783 వరకు భారతదేశంలో తిరిగి వచ్చి, తాను చూసిన కోటలనూ మసీదులనూ ముద్రాచిత్రాలుగా వెలువరించే పని ప్రారంభించాడు. భారతదేశపు దృశ్యాలకు ఇంగ్లండులో ఆదరణ ఉందన్న సంగతి థామస్‌కు అర్థమయింది.

1784లో ఆయన ఈస్టిండియా కంపెనీకి విజ్ఞప్తి చేసుకొని, చెక్కుడు పనివానిగా భారతదేశానికి వెళ్లేందుకు అనుమతి పొందాడు. సహాయకునిగా విలియంను తీసుకొనిపోయేందుకు కూడా అనుమతి దొరికింది. విలియం 1769లో జన్మించాడు. 1779లో తండ్రి మరణించగా థామస్ సంరక్షణలోకి వచ్చాడు. 1785 ఏప్రిల్‌లో ఓడ ఎక్కేనాటికి అతని వయస్సు పదహారు సంవత్సరాలు కూడా నిండలేదు. పెళ్లి చేసుకోని థామస్‌కు ఆ కుర్రవాడే కొడుకు, శిష్యుడు, ప్రయాణంలో తోడు.

కలకత్తాలో తొలి పరీక్ష

వారు ఎక్కిన ఓడ తిన్నగా భారతదేశానికి రాలేదు; ముందు చీనా దేశపు రేవుకు చేరింది. అక్కడ కొంతకాలం గడిపి, 1786 ఆరంభంలో కలకత్తా చేరుకొన్నారు. అప్పటి కలకత్తా కంపెనీ ప్రభుత్వానికి ముఖ్యపట్టణం. కొత్త మేడలు లేస్తున్నాయి, కొత్త సంపదలు పోగవుతున్నాయి. ఆ నగరపు దృశ్యాలను పన్నెండు ముద్రాచిత్రాలుగా వెలువరిస్తామని థామస్ ప్రకటించాడు.

ప్రకటించడం సులువే, పని మాత్రం కష్టం. ఆయనకు బండ్ల మీద రంగులు వేయడం తెలుసు. నూనె రంగుల చిత్రాలు వేయడం తెలుసు. రాగిరేకు మీద ఆమ్లంతో ఛాయలు తెప్పించే అక్వాటింట్ విద్యలో మాత్రం అనుభవం స్వల్పం. ఆ ఊరిలో నేర్పేవారు లేరు. స్థానికులైన పనివారిని కూర్చోబెట్టుకొని, రేకులు పాడుచేసుకొంటూ, మళ్లీ సానబెట్టుకొంటూ, దాదాపు రెండేళ్ల శ్రమతో 1788 నాటికి ఆ పన్నెండు చిత్రాలను పూర్తిచేశాడు. పాత కోర్టు భవనం, కౌన్సిల్ భవనం, గుమాస్తాల కోసం కట్టిన రైటర్స్ బిల్డింగ్ వంటివి ఆ చిత్రాల్లో ఉన్నాయి. ఆ పాత కోర్టు భవనాన్ని 1792లోనే పడగొట్టారు. తన గీతలు కట్టడాల కంటె ఎక్కువకాలం బ్రతుకుతాయన్న సత్యానికి థామస్ జీవితంలో ఇది తొలి నిదర్శనం. ఆ పనిలో చేయి కలిపిన బెంగాలీ పనివారి పేర్లు మాత్రం ఏ రేకు మీదా నిలవలేదు.

గంగానదికి ఎదురీది

ఆ చిత్రాలు అమ్మగా వచ్చిన సొమ్ముతో 1788 వర్షాకాలం ముగిసే వేళకు గురుశిష్యులిద్దరూ ఎగువ దేశానికి బయలుదేరారు. గంగానది మీద పడవ ప్రయాణం. ముర్షిదాబాదు, భాగల్‌పూరు, పాట్నా, కాశీ, అలహాబాదు, కాన్పూరు మీదుగా వెళ్లి, అక్కడి నుంచి భూమార్గాన ఆగ్రా, మథుర, ఢిల్లీ నగరాలకు చేరారు. 1789 ఆరంభంలో తాజమహలును, ఢిల్లీ జుమ్మా మసీదును, కుతుబ్ మినారును, జయసింహుడు కట్టించిన జంతర్ మంతర్‌ను చిత్రించారు. మొగలు సామ్రాజ్యం పేరుకు మాత్రమే మిగిలిన రోజులవి. మథుర వద్ద మహాదజీ సింధియా శిబిరాన్ని కూడా వారు దర్శించారు.

అంతటితో ఆగక, ఆ ఏడు వేసవిలో హరిద్వారం దాటి హిమాలయాల్లో గఢ్వాల్ రాజ్యపు రాజధాని అయిన శ్రీనగరం దాకా నడిచారు. కాశ్మీరపు శ్రీనగరం వేరు, ఇది వేరు. అంతకుముందు ఐరోపా చిత్రకారులెవ్వరూ ఆ దారిన వెళ్లలేదు. అలకనంద మీద తాళ్లతో కట్టిన ఊగే వంతెనను వారు గీసిన చిత్రం తరువాతి కాలంలో ఎంతో ప్రసిద్ధికెక్కింది. పొరుగు రాజ్యంతో జరుగుతున్న యుద్ధం వల్ల అక్కడ ఎక్కువ రోజులు ఉండటం సాధ్యపడలేదు. ఉన్న కొద్దిరోజుల్లోనే చేతికి అందినంత గీసుకొని వెనుదిరిగారు. 1803లో వచ్చిన భూకంపం ఆ పట్టణాన్ని దెబ్బతీసింది. 1894లో గోహ్నా సరస్సు తెగి వచ్చిన వరద పాత ఊరిని తుడిచిపెట్టింది. ఈనాడు ఆ పాత శ్రీనగరం ఎలా ఉండేదో తెలుసుకోదలచిన వారికి డేనియళ్ల గీతలు అమూల్యమైన ఆధారాలు.

గీసే పద్ధతి

వారి పద్ధతిని ఇక్కడ కొంచెం వివరించడం అవసరం. పెద్దవాడూ చిన్నవాడూ పని పంచుకొనేవారు. మైళ్లు కొలిచే చక్రం ఒకటి వెంట దొర్లుతూ వచ్చేది. దృశ్యాన్ని అద్దం ద్వారా కాగితం మీద పడేటట్లు చేసే చీకటిపెట్టె ఒకటి వారి సామానులో ఉండేది. ఆ పెట్టెలో పడిన నీడను పెన్సిలుతో అనుసరిస్తే గోపురపు ఎత్తు, మెట్ల వరుస, గుమ్మటం వంపు కొలత తప్పకుండా వచ్చేవి. ముందు పలుచని పెన్సిలు గీత. విడిది చేరిన తరువాత దాని మీద సిరా గీత. ఆ పైన వెలుగునీడలను సూచించే పలుచని రంగు పూత. అన్ని కాగితాలకూ ఈ మూడు దశలు పూర్తయ్యే తీరిక చిక్కలేదు. కొన్నింటిలో ఒక మూల చెట్టు పూర్తిగా ఉంటుంది, తక్కిన కోట అంతా గీతలుగానే ఉంటుంది. విలియం దినచర్య కూడా వ్రాసుకొనేవాడు. ఏ రోజున ఎక్కడ బస చేసినదీ, ఏమి గీసినదీ అందులో నమోదయ్యేది.

హాడ్జెస్ వేసిన ముద్రాచిత్రాలను కూడా వారు వెంట తెచ్చుకొన్నారు. ఆయన చిత్రించిన చోట్లకే వెళ్లి, చిత్రాన్ని కట్టడంతో సరిపోల్చి చూసేవారు. హాడ్జెస్ భావుకుడు; దృశ్యపు ఊపును పట్టుకొన్నాడు గాని కొలతల విషయంలో పట్టింపు తక్కువ. ఆ లోపాలను విలియం తన దినచర్యలో ఎత్తిచూపాడు. ఇందులో వృత్తిపరమైన పోటీ లేకపోలేదు. అయినా చూసినదాన్ని చూసినట్టుగా గీయాలన్న నియమం వారికి అలా బలపడింది.

తిరుగు ప్రయాణంలో లక్నోలోనూ, భాగల్‌పూరులోనూ చాలాకాలం గడిపి, 1791 చివరకు కలకత్తా చేరారు. భాగల్‌పూరులో శామ్యూల్ డేవిస్ అనే ఉద్యోగి వారికి ఆతిథ్యమిచ్చాడు. ఆయన స్వయంగా చిత్రకారుడు, జ్యోతిశ్శాస్త్రంలో ఆసక్తి గలవాడు. అక్కడ వారు దారి గీతలను ముందు పెట్టుకొని నూనె రంగుల చిత్రాలు వేశారు. కలకత్తాలో నూట యాభై చిత్రాలను లాటరీ పద్ధతిన పంచిపెట్టి, ఆ సొమ్ముతో దక్షిణాపథానికి దారిఖర్చులు సమకూర్చుకొన్నారు.

బారామహల్ దుర్గాల నడుమ

1792 మార్చిలో వారు సముద్రమార్గాన మద్రాసు చేరేనాటికి మూడవ మైసూరు యుద్ధం అప్పుడే ముగిసింది. శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాను తన రాజ్యంలో సగభాగం వదులుకొన్నాడు. బారామహల్ కంపెనీ వశమయింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ ఆ సీమకు అధికారిగా వచ్చాడు. ఆయన సహాయకులలో ఒకడు థామస్ మన్రో. తరువాతి కాలంలో రాయలసీమలో మన్రో పేరు ఎంతగా మారుమ్రోగిందో తెలుగువారికి చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో ఆ యుద్ధం గురించి పత్రికల్లో చదివిన వారందరికీ ఆ కొండకోటలు ఎలా ఉంటాయో చూడాలన్న కుతూహలం కలిగింది. థామస్ ఆ కుతూహలాన్ని గ్రహించాడు. 1792 ఏప్రిల్‌లో పల్లకీలు, బోయీలు, గుర్రాలు, సామాను మోసే ఎద్దులతో గురుశిష్యులు మద్రాసు నుంచి బయలుదేరారు. మండువేసవిలో కనుమలు ఎక్కి, బారామహల్ దాటి, బెంగళూరు దాకా సాగారు.

కృష్ణగిరి సీమలో తిరిగిన వారికి ఆ దృశ్యం కొత్త కాదు. చదును నేల మీద ఉన్నట్టుండి లేచే రాతిగుండు. దాని నెత్తిన కోటగోడ. కింద చింతతోపు, చెరువు, ఊరు. జగదేవరాయల వంశం ఏలిన పన్నెండు దుర్గాల వల్లనే ఆ సీమకు బారామహల్ అన్న పేరు వచ్చిందని పెద్దలు చెప్పుకొంటారు. పెనుగొండ రాయల కొలువులో సేనానిగా ఉండి, ఆ సీమను జాగీరుగా పొందిన జగదేవరాయలు పేరు జగదేవి దుర్గానికి నేటికీ నిలిచి ఉన్నది. డేనియళ్లు ఆ జగదేవి దుర్గాన్ని, దాని చేరువలోని మరొక దుర్గంతో కలిపి చిత్రించారు. రాయకోటను చిత్రించారు. వీరభద్రదుర్గాన్ని చిత్రించారు. ఈ మూడు చిత్రాలూ తరువాత వారి మహాగ్రంథంలోకి ఎక్కాయి.

ఈ బొమ్మలను జాగ్రత్తగా చూస్తే ఒక విశేషం బోధపడుతుంది. కోటను గెలిచిన సైన్యం ఎక్కడా ప్రధానంగా కనిపించదు. ఫిరంగుల పొగ లేదు. బండరాయి, ఆకాశం, మధ్యలో చిన్నగా మనుషులు. కొన్ని నెలల క్రితం వరకు రక్తం కారిన నేల ఇదేనా అన్నంత ప్రశాంతత ఆవరించి ఉంటుంది. దీన్ని కళాకారుని నిగ్రహం అనవచ్చు. కొన్నవారి మనస్సుకు ఆహ్లాదం కలిగించే ఏర్పాటు అని కూడా అనవచ్చు. తాము గెలిచిన దేశం ఇంత అందమైనదని చూసుకొని మురిసే శ్రోత్రియులు లండనులో ఉన్నారు. యుద్ధంలో ఇల్లూ పొలమూ పోగొట్టుకొన్న రైతుకు ఆ చిత్రంలో చోటు లేదు. డేనియళ్ల ప్రతిభను మెచ్చుకొనేటప్పుడు ఈ లోటును కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

మధుర నుంచి ఎల్లోరా గుహల దాకా

బెంగళూరు నుంచి మళ్లి దక్షిణంగా తిరుచిరాపల్లి, మధుర చేరారు. తిరుచిరాపల్లి రాతికొండను, మధుర కోటను, శిథిలమవుతున్న తిరుమల నాయకుని రాజప్రాసాదాన్ని, ఆ నాయకుడే కట్టించిన పుదుమండపాన్ని చిత్రించారు. తెలుగు నాయక రాజుల వైభవానికి సాక్ష్యంగా నిలిచిన ఆ కట్టడాలు ఐరోపా ప్రజలకు ఇంత వివరంగా పరిచయం కావడంలో వారి చిత్రాలకు పెద్ద పాత్ర ఉన్నది. అక్కడి నుంచి పాపనాశం జలపాతం, కన్యాకుమారి వైపు కొండలు, తంజావూరు పెద్దగుడి, అక్కడి మహానంది, మహాబలిపురం శిలాశిల్పాలు వారి కాగితాల మీదికి ఎక్కాయి.

1793 ఆరంభంలో మద్రాసు చేరి, అరవై ఎనిమిది నూనె రంగుల చిత్రాలతో మరొక లాటరీ నడిపారు. ఆ తరువాత బొంబాయికి వెళ్లారు. అక్కడ జేమ్స్ వేల్స్ అనే స్కాట్లండు చిత్రకారుడు వారిని ఏనుగుల దీవి గుహలకు, సాష్టి దీవిలోని గుహలకు వెంటబెట్టుకొని వెళ్లాడు. వేల్స్ తరువాత ఎల్లోరా గుహలను ఎంతో శ్రమించి చిత్రించాడు గాని, అవి వెలుగు చూడకముందే 1795లో మరణించాడు. డేనియళ్లు ఆ మిత్రుని గీతలను మరుగున పడనీయలేదు. 1803లో ఆయన పేరుతోనే వాటిని ముద్రాచిత్రాలుగా వెలువరించారు.

బొంబాయి నుంచి చీనా మీదుగా తిరిగి 1794 సెప్టెంబరులో వారు ఇంగ్లండు చేరారు. వెళ్లేనాటికి ముప్ఫై ఆరేళ్ల వయస్సున్న థామస్ నలభై ఐదేళ్లవాడయ్యాడు. మీసకట్టు రాని కుర్రవాడిగా ఓడ ఎక్కిన విలియం పాతికేళ్ల యువకుడయ్యాడు. ఇద్దరి పెట్టెల్లోనూ తొమ్మిదేళ్ల కాగితాలు.

రాగిరేకు మీద తపస్సు

అసలు పరీక్ష ఇక్కడే మొదలయింది. పెట్టెల నిండా గీతలున్నాయి. కొనేవాడు గీతను కొనడు, చిత్రాన్ని కొంటాడు. తొమ్మిదేళ్ల కష్టం పండాలన్నా, ఎండాలన్నా ఆ తర్వాతి పని మీదనే ఆధారపడి ఉన్నది.

అక్వాటింట్ పద్ధతి ఇలా ఉంటుంది. నున్నగా సానబెట్టిన రాగిరేకు మీద సన్నని గుగ్గిలం పొడిని సమంగా పరచి, కింద వేడి తగిలిస్తారు. పొడి కరిగి రేకుకు అంటుకొంటుంది. ఆ రేణువుల సందుల్లో మాత్రమే ఆమ్లం రాగిని తింటుంది. తెల్లగా ఉండవలసిన ఆకాశపు భాగాలను ముందుగా వార్నిష్‌తో కప్పి, రేకును ఆమ్లంలో ముంచుతారు. కొద్ది క్షణాల తరువాత తీసి, లేత ఛాయ చాలిన భాగాలను కప్పి, మళ్లీ ముంచుతారు. ఇలా కప్పుతూ ముంచుతూ పోగా, చివర మిగిలిన భాగం గాఢమైన నీడ అవుతుంది. ఒక్క క్షణం ఎక్కువైతే సాయంకాలపు వెలుగు అర్ధరాత్రి అవుతుంది. రేకు మొత్తం పాడవుతుంది. అచ్చు తీసిన తరువాత ప్రతి కాగితానికీ చేతితో నీటిరంగులు వేయాలి.

ఈ విద్యలో పరిపూర్ణత సాధించే భారం ప్రధానంగా విలియం మీద పడింది. ఇంగ్లండు చేరిన తరువాత ఏడు సంవత్సరాల పాటు అతను ఉదయం ఆరు గంటల నుంచి అర్ధరాత్రి దాకా పనిచేసినట్లు సమకాలికులు నమోదు చేశారు. యౌవనంలోని మంచి సంవత్సరాలన్నీ గుగ్గిలం పొడిలోనూ ఆమ్లపు ఘాటులోనూ గడిచిపోయాయి. ఆ శ్రమ ఫలితమే 'ఓరియంటల్ సీనరీ' అనే మహాగ్రంథం. 1795లో మొదలై 1808లో ముగిసిన ఆ గ్రంథంలో ఆరు భాగాలు, మొత్తం 144 చిత్రాలు ఉన్నాయి. పూర్తి సంపుటాల వెల 210 పౌన్లు. సామాన్యుడు కలలో కూడా కొనలేని వెల అది. అయినా కొనేవారు దొరికారు. ఈస్టిండియా కంపెనీయే ముప్ఫై ప్రతులు తీసుకొన్నది. తాజమహలు దృశ్యాలు రెండింటిని 1801లో విడిగా ప్రచురించారు.

గీతకూ చిత్రానికీ మధ్య

దారిలో గీసిన కాగితానికీ, పదేళ్ల తరువాత లండనులో అచ్చైన చిత్రానికీ మధ్య ఏమి జరుగుతుంది? డేనియళ్ల జీవితంలో అత్యంత ఆసక్తికరమైన ప్రశ్న ఇదే.

కట్టడం కొలతలు దాదాపు అలాగే నిలిచాయి. చీకటిపెట్టె ఇచ్చిన బలం అది. కాని రంగు ఏది? పెన్సిలు గీతలో రంగు ఉండదు. బారామహల్ రాళ్ల మీద సాయంత్రపు ఎండ ఎలా పడిందో పదేళ్ల తరువాత ఇంగ్లండు మంచులో కూర్చొని జ్ఞాపకం చేసుకోవాలి. ముందుభాగంలోని చెట్టు ఒక కాగితం నుంచి, ఎడ్లబండి మరొక కాగితం నుంచి, కుండ ఎత్తుకొన్న స్త్రీ ఇంకొక కాగితం నుంచి వచ్చి ఒకే చిత్రంలో కలిసేవి. ఎవరూ లేని చోట మనుషులు చేరేవారు. ఇది అబద్ధం కాదు. అన్నీ ఎక్కడో ఒకచోట చూసినవే. అలాగని ఆ క్షణపు నిజమూ కాదు.

జ్ఞాపకం తడబడిన సందర్భమూ ఉన్నది. వారు చిత్రించిన పాపనాశం జలపాతం తిరునల్వేలి సీమలో తామ్రపర్ణి మీద ఉన్నది. 1804లో ముద్రించిన చిత్రం కింద మాత్రం అది తంజావూరు సీమలోనిదని పేరు పడింది. తంజావూరు దగ్గర కూడా పాపనాశం అనే ఊరు ఉన్నది. అక్కడ జలపాతం లేదు. నీళ్లు పడే తీరు, రాళ్ల అమరిక సరిగా వచ్చాయి. ఊరి చిరునామా తప్పిపోయింది. చేయి మరచిపోనిదాన్ని మనస్సు మరచిపోయింది. దారిలో గీసే ప్రతివారూ కాగితం మూల ఊరి పేరు, తేదీ వ్రాసుకోవలసిన అవసరాన్ని ఇంతకంటె బాగా చెప్పే ఉదాహరణ లేదు.

అయినా ఈ మార్పిడి వల్లనే ఆ గీతలు లోకానికి అందాయి. ఫ్రాన్సులో జుబేర్ సంస్థ 1807లో తయారుచేసిన గోడకాగితాలలో డేనియళ్ల భారతదేశం ధనికుల గదుల్లో పరుచుకొన్నది. ఇంగ్లండు కుమ్మరులు నీలితెలుపు పళ్లేల మీద ఆ దృశ్యాలను ముద్రించారు. గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలో సర్ చార్లెస్ కాకరెల్ తన సెజిన్‌కోట్ భవనాన్ని మొగలు శైలిలో కట్టించుకొన్నప్పుడు థామస్ సలహాదారు అయ్యాడు. ఆ తోటలో సూర్యుని గుడి, వంతెన మీద నంది విగ్రహాలు వెలిశాయి. ఆ భవనాన్ని చూసి ముచ్చటపడిన యువరాజు బ్రైటన్‌లోని తన విహారభవనానికి గుమ్మటాలు, మినార్లు పెట్టించుకొన్నాడు. ఎండలో ఆగిన పల్లకి పక్కన గీసిన గీత ఎంత దూరం ప్రయాణించిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

చివరి సంవత్సరాలు

1799లో థామస్ రాయల్ అకాడమీ పూర్తిస్థాయి సభ్యుడయ్యాడు. బండ్లకు రంగులు వేసిన చేతికి దక్కిన గౌరవం అది. తరువాత ఆయన మళ్లీ దూరప్రయాణాలు చేయలేదు. పాత కాగితాలను ముందు పెట్టుకొని నూనె రంగుల చిత్రాలు వేస్తూ గడిపాడు. మూడు దశాబ్దాల తరువాత కూడా ఆయన కుంచె కింద గంగాతీరమే కదలాడింది.

విలియంకు కదలకుండా కూర్చోవడం చేతకాలేదు. 1801లో వివాహం చేసుకొని సంసారం సాగిస్తూనే, 1813లో తన దేశపు సముద్రతీరమంతా చుట్టిరావాలని బయలుదేరాడు. భారతదేశంలో నేర్చిన పద్ధతినే స్వదేశానికి వర్తింపజేశాడు: దారిలో పెన్సిలు గీత, ఇంటికి వచ్చి రాగిరేకు. 1814 నుంచి 1825 వరకు వెలువడిన ఆ గ్రంథంలో 308 చిత్రాలున్నాయి. మొదట వెంట ఉండి యాత్రావిశేషాలు వ్రాసిన రిచర్డ్ ఐటన్ రెండు సంపుటాల తరువాత తప్పుకోగా, విలియమే కలం కూడా పట్టవలసి వచ్చింది. 1822లో అతనికీ రాయల్ అకాడమీ సభ్యత్వం లభించింది. అతని తమ్ముడు శామ్యూల్ కూడా ఇదే దారి పట్టి, దక్షిణాఫ్రికాలోనూ సింహళంలోనూ చిత్రాలు గీసి, 1811లో సింహళంలోనే కన్నుమూశాడు.

1837 ఆగస్టులో విలియం మరణించాడు. తాను పెంచి, చేయిపట్టి నడిపించి, విద్య నేర్పిన బిడ్డ పోవడాన్ని ఎనభై ఎనిమిదేళ్ల వృద్ధుడు చూడవలసి వచ్చింది. 1840 మార్చి 19న, తొంభై ఒకటవ యేట థామస్ డేనియల్ లండనులోని కెన్సింగ్టన్‌లో తుదిశ్వాస విడిచాడు.

మనకు మిగిలినది

వారి నూనె రంగుల చిత్రాలు పెక్కు కలకత్తా విక్టోరియా స్మారక భవనంలో ఉన్నాయి. దారి గీతలలో చాలా భాగం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నిపుణులు ఈనాడు పూర్తయిన చిత్రాల కంటె ఆ గీతలనే ఎక్కువ మక్కువతో పరిశీలిస్తున్నారు. చిత్రంలో డేనియళ్లు చూపదలచిన భారతదేశం ఉన్నది; గీతలో వారు చూసిన భారతదేశం ఉన్నది.

మన సీమలోని దుర్గాలకు వస్తే, రాయకోట కొండ అక్కడే ఉన్నది. జగదేవి దుర్గమూ అక్కడే ఉన్నది. గోడలు కొన్నిచోట్ల ఒరిగాయి, మెట్లు ముళ్లపొదల్లో కలిశాయి. ఆ గోడలు 1792లో ఎంత ఎత్తున ఉండేవో, ఏ బురుజు ఏ పక్కకు చూసేదో తెలుసుకోవాలంటే సప్తసముద్రాల అవతలి నుంచి వచ్చి పోయిన ఇద్దరు బాటసారుల కాగితాలను ఆశ్రయించవలసి వస్తున్నది. వారు ఆ దుర్గాల వద్ద గడిపినవి కొద్ది దినాలే. మనం తరతరాలుగా వాటి నీడనే బ్రతుకుతున్నాము. ఒక పెన్సిలు, ఒక పుస్తకం, కొంత ఓపిక ఉన్న విద్యార్థి ఎవరైనా ఒక ఆదివారం నాడు ఆ కొండ కిందికి వెళ్లి కూర్చొని, ఉన్నది ఉన్నట్టుగా గీసి, కింద ఊరి పేరు, తేదీ స్పష్టంగా వ్రాసి దాచిపెడితే, రాబోయే తరాలకు అది మన చేతి సాక్ష్యం అవుతుంది. థామస్ డేనియల్ జీవితం నుంచి మనం గ్రహించదగిన ప్రయోజనం ఇదే.